సలోమమ్మగారు పట్టుకున్న కాలు

కాశీబుగ్గలో సైకిళ్ళు బాగుచేసే కొట్టు ముందు నడుస్తుంటే ఎండకు కాగిన రబ్బరు వాసన వస్తుంది. పక్కనున్నవాళ్ళు ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంటారు. నేను మాత్రం కాసేపు ఆగుతాను. మా డాక్టరమ్మ సలోమమ్మగారి ఆపరేషను గదిలో ఉండే వాసన అదే. పలాస రైలు స్టేషను దగ్గరున్న ఆ చిన్న ఆసుపత్రిలో నేను ఆవిడ దగ్గర నర్సుగా చేరాను. నాకు పని వచ్చునని నాకు గట్టి నమ్మకం. ఆవిడకు అంత నమ్మకం ఉన్నట్టు ఎప్పుడూ కనపడలేదు.

చేతికో కాలికో ఆపరేషను చేసేటప్పుడు నెత్తురు పోకుండా పైభాగాన వెడల్పాటి రబ్బరు పట్టీ బిగించేవాళ్ళం. దాని కింద మెత్తటి గుడ్డ మడత పెట్టనిదే ఆవిడ కత్తి ముట్టేవారు కారు. పట్టీ కట్టగానే గడియారం చూసి వేళ పైకి చెప్పాలి. ఒకసారి ఒక కోడలి తొడకు పట్టీ కడితే, పక్కనే ఉన్న అత్తగారు పరువు పోతుందని దాని మీద దుప్పటి కప్పేసింది. సలోమమ్మగారు మగవాళ్ళందరినీ బయటికి పంపి, దుప్పటి తీసేశారు.

"సిగ్గు నాకూ ఉందమ్మా. కానీ ఇది కప్పీసినారంటే మరిసిపోతాం. మరిసిపోతే కాలు సచ్చిపోతాది," అన్నారు మెల్లగా. అత్తగారు ఆ తర్వాత పట్టీ మీద నుంచి చూపు తిప్పితే ఒట్టు.

ఉద్దానం నుంచి కొబ్బరిచెట్లెక్కే కామయ్యను బండిలో తెచ్చిన రోజు నాకు బాగా గుర్తు. కొబ్బరి గెల కోస్తుంటే కత్తి జారి పిక్కలో దిగింది. ఊరివాళ్ళు మోకాలి పైన కొబ్బరితాడు చుట్టి, కర్రముక్కతో మెలిపెట్టారు. ఆ తాడే లేకపోతే దారిలోనే ప్రాణం పోయేది. ఇప్పుడు అదే తాడు కాలిని చంపుతోంది. పాదం పాలిపోయి చల్లగా ఉంది. గిచ్చినా అతనికి తెలియలేదు.

"కాలు తీసేత్తారేటమ్మా? సెట్టెక్కకపోతే మాకు కూడెక్కడిది?" అంది అతని భార్య నీలమ్మ.

"ఇప్పుడేటీ సెప్పలేనమ్మా. సూద్దాం," అన్నారు సలోమమ్మగారు. ఉత్తుత్తి ధైర్యం చెప్పడం ఆవిడకు చేతకాదు.

నేను తాడు కోయబోతే నా చెయ్యి పట్టుకుని ఆపారు. ముందు తాడుకు పైన గుడ్డ వేసి రబ్బరు పట్టీ బిగించాం. మత్తు ఇచ్చాకే తాడు కోశారు. తెగిన రక్తనాళం వెతికి, దారంతో ముడివేసి, పట్టీ నెమ్మదిగా వదిలారు. నెత్తురు మళ్ళీ చిమ్మలేదు. పాదం మాత్రం చల్లగానే ఉంది.

ఆవిడ స్టూలు లాక్కుని అతని కాళ్ళ దగ్గర కూర్చున్నారు. కాలివేళ్ళు అరచేతిలో పెట్టుకుని అలాగే ఉండిపోయారు. కాఫీ తెస్తే వద్దన్నారు. గుమ్మంలో నీలమ్మ, గోడకు ఆనుకుని నేను. చాలాసేపటికి గోళ్ళ కింద కాస్త ఎరుపు కనిపించింది. కానీ అందులో స్పర్శ, కదలిక ఉన్నాయో లేదో అతనికి తెలివొస్తే గాని తెలియదు.

కామయ్య కళ్ళు తెరిచాడు. తన కాలు ఎవరి చేతిలో ఉందో చూసుకున్నాడు.

"తప్పు తల్లీ. మీరు నా కాళ్ళట్టుకోకూడదు," అంటూ కాలు వెనక్కి లాక్కున్నాడు.

సలోమమ్మగారు ఖాళీ అయిన తన చేతిని చూసుకుని నవ్వేశారు. ఆవిడ అంతలా నవ్వగా నేను మళ్ళీ చూడలేదు.

"నీలమ్మా, మీ ఆయన కాలు లాక్కున్నాడే," అన్నారు.

నీలమ్మకు అర్థం కాక మొగుణ్ణి కసిరింది. అర్థమయ్యాక అక్కడే కూలబడి ఏడ్చింది. నాకూ ఏడుపొచ్చింది, సంతోషంతోనే.

సలోమమ్మగారు పోయి చాలా కాలమైంది. పట్టీ విప్పాక రోగి కాలివేళ్ళు పట్టుకుని కూర్చోవడం నాకు ఆవిడ నుంచి వచ్చిన అలవాటు. ముసలివాళ్ళు నేను దండం పెడుతున్నాననుకుని, "సల్లగా ఉండు తల్లీ," అని దీవిస్తారు. కాదనకుండా పుచ్చుకుంటాను. కుర్రవాళ్ళు మాత్రం గబుక్కున కాలు లాక్కుంటారు. దీవెన కంటే నాకు అదే ఇష్టం.