మూడో చుక్క

పటమటలో మా ఫ్లాటు వెనకాలే ఒక స్కూలుంది. పొద్దున్న నేను కుక్కర్ మూత బిగించే సమయానికి అక్కడి బ్యాండు పిల్లలు ఒకే స్వరం పట్టుకుని లాగుతారు. ఎనిమిది లెక్కల వరకూ లాగాలి. ఆరో లెక్కకే సగం మంది ఊపిరి వదిలేస్తారు, మిగతావాళ్లు ఎవరికి తోచినప్పుడు వాళ్లు ఆపుతారు. నాకు ఒళ్లు మండిపోతుంది. కిటికీలోంచి అరవాలనిపిస్తుంది. నేనేమో కాలేజీలో లైబ్రేరియన్ని, ట్రంపెట్ ముట్టుకుని ఇరవై ఏళ్లు కావస్తోంది, వాళ్లెక్కడ ఆపితే నాకేమిటి చెప్పండి! అయినా లెక్కపెట్టకుండా ఉండలేను. ఈ జబ్బు నాకు అంటించిన మనిషి వీరభద్రం మాస్టారు.

ఆయన మా బడిలో బ్యాండు నేర్పేవారు. చల్లపల్లి దగ్గర నేత కుటుంబంలో పుట్టి, మగ్గం వదిలి పెళ్లి బ్యాండులో చేరి, తర్వాత పోలీసు బ్యాండులో పనిచేసి, రిటైరయ్యాక మా ప్రాణానికి వచ్చి పడ్డారు. ఒక చెక్క పట్టీకి అయిదు సుద్దముక్కలు బిగించుకుని, బోర్డు ఈ చివర నుంచి ఆ చివరకి ఒక్క ఊపులో అయిదు గీతలూ లాగేవారు. ఆ గీతల మీదా, మధ్య సందుల్లోనూ చుక్కలు పెట్టేవారు. చుక్క ఎక్కడుంటే ఆ స్వరం వాయించాలి. పీరియడ్ నలభై నిమిషాలయితే అందులో ఇరవై నిమిషాలు వార్మప్పే. ముందు ఒకే స్వరాన్ని సాగలాగే లాంగ్ నోట్లు, తర్వాత చప్పట్లతో లెక్క, ఆ తర్వాత బోర్డు చదివి వాయించడం. రోజూ అవే రెండు వరుసలు. కాకపోతే రోజుకొక్క చుక్క మార్చేవారు, ఏది మార్చారో మాత్రం చెప్పేవారు కాదు. నిన్నటిదే కదా అని ధీమాగా వాయించినవాళ్లు దొరికిపోయేవారు. అంటే దాదాపు రోజూ నేనే.

నాకు చెవి ఉంది, అదే నా ఖర్మ. మాది చేపల వ్యాపారం చేసే ఇల్లు. మా నాన్న ఫోన్లో మోగే పాటని ఒకటికి రెండుసార్లు వింటే చాలు, సాయంత్రానికి ట్రంపెట్ మీద దింపేసేదాన్ని. వీధిలో అందరూ మెచ్చుకునేవారు. అలాంటిది బడిలో కూర్చుని చుక్కలు చూడటమంటే నాకు చిన్నతనంగా ఉండేది. పక్కన కూర్చున్న పద్మ తడుముకుంటూ చదివి వాయిస్తుంటే, మొదటిసారి ఊరికే బుగ్గలు పూరించి విని, రెండోసారికి దాన్ని మించి వాయించేదాన్ని. మాస్టారికి ఎలా తెలిసిపోయేదో!

"నాగలక్ష్మీ, నువ్వు బోర్డు చూత్తన్నావా, పద్మని వింటన్నావా?"

"బోర్డేనండి."

"అయితే పద్మని కాసేపు ఆగమందాం. నువ్వొక్కదానివే వాయించమ్మా."

ఒక్కదాన్నే వాయిస్తే నిన్నటి చుక్కే పలికేది. క్లాసంతా నవ్వేది. ఒకరోజు ఉక్రోషం పట్టలేక అడిగేశాను.

"వింటే వచ్చేదానికి చదవడం దేనికండీ?"

ఆయన కోప్పడలేదు. "నేను పదిహేనేళ్లు పెళ్లిళ్లలో వాయించానమ్మా, అంతా విని నేర్చుకున్నదే. మా బ్యాండు మేస్త్రి పోయాక కొత్తది నేర్పేవాళ్లు లేరు. ఉన్న పాటలే తిప్పి తిప్పి వాయించాం. స్వరాల పుస్తకం చేతిలో ఉన్నా చదవడం వచ్చినోడు ఒక్కడూ లేడు" అన్నారు. నాకు అదేమీ ఎక్కలేదు. మనకి వినిపించడానికి ఫోన్లున్నాయి కదా అనుకున్నాను.

నేను తొమ్మిదిలో ఉండగా బ్యాండు పీరియడ్ తీసేసి లెక్కల కోచింగ్ పెడతారని వినబడింది. కరస్పాండెంట్ గారు ఒకసారి వచ్చి పిల్లలు వాయించేది విని అప్పుడు తేలుస్తామన్నారట. మేం పరేడ్ పాట ఒకటి నెల రోజులుగా రుద్దుతున్నాం. అందులో ముఖ్యమైన భాగం నాదే. ఆ పాట వింటే ఆయన పీరియడ్ తీసెయ్యరని మా అందరి నమ్మకం. తీరా ఆయన వచ్చి కుర్చీలో కూర్చోగానే, మాస్టారు చేతులు కట్టుకుని, "ముందు వార్మప్ అండీ" అన్నారు. నాకు తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది. లాంగ్ నోట్లయ్యాయి, చప్పట్లయ్యాయి. కరస్పాండెంట్ గారు రెండుసార్లు వాచీ చూసుకున్నారు.

"పాటేదండీ మాస్టారూ?"

"పాటదేముందండీ, నెల రోజులు రుద్దితే ఎవరైనా వాయిత్తారు. తమరే వచ్చి మీ ఇష్టమొచ్చినట్టు ఎనిమిది చుక్కలు పెట్టండి. మా పిల్లలు చదువుతారు."

ఆయనకి సరదా వేసింది. సుద్దముక్క అందుకుని, వాకిట్లో ముగ్గుకి పెట్టినట్టు ఎనిమిది చుక్కలు పెట్టేసి వెళ్లి కూర్చున్నారు. మాస్టారు మమ్మల్ని నిమిషం సేపు చూడనిచ్చి, నాలుగు లెక్కపెట్టి చెయ్యి ఊపారు. ఆ వరుసని అంతకుముందు ఎవరూ విని ఉండరు. నా చెవి పట్టుకోవడానికి అందులో ఏమీ లేదు. అయినా మొదటి రెండూ సరిగ్గానే చదివాను. మూడోది పై గీత మీద ఉంది. ఉందని నా కళ్లకి తెలుసు. కానీ అది అక్కడ పలికితే కర్ణకఠోరంగా ఉంటుందనీ, ఒక్క మెట్టు దింపితే ఎంతో బాగుంటుందనీ నా చెవి చెప్పింది. వేళ్లు దాని మాటే విన్నాయి. ముప్పై మంది ఒక స్వరం మీద, నేనొక్కదాన్నీ ఇంకో స్వరం మీద. అందులోనూ నాది ట్రంపెట్, గదంతా గీరుకుపోయినట్టయింది.

"ఎక్కడో తేడా కొట్టింది కదండీ?" అన్నారు కరస్పాండెంట్ గారు.

మాస్టారు నా వైపు చూడనైనా చూడలేదు. "నేర్పడంలో నాదే లోపమండీ" అన్నారు.

ఆయన లేచి, మాస్టారి శ్రమని పొగిడి, టెన్త్‌కి వెళ్లే పిల్లలకి లెక్కలు ముఖ్యమని చెప్పి వెళ్లిపోయారు. మా పాట వాయించకుండానే ఉండిపోయింది.

అందరూ వెళ్లాక క్షమాపణ చెప్పుకుందామనే ఆగాను. ఆయన మా వాయిద్యాలు పెట్టెలో సర్దుతున్నారు. నా నోటికొచ్చింది వేరు.

"పాట వాయించనిస్తే సరిపోయేది కదండీ! ఆయన చప్పట్లు కొట్టి వెళ్లేవాడు. అంతా మీ మొండితనం వల్లే!" అని ఏడ్చేశాను.

"కొట్టేవాడే" అన్నారాయన. "నువ్వు వాయించిందే వినడానికి బాగుందమ్మా. కానీ బోర్డు మీద అది లేదు" అన్నారు. తర్వాత నా ట్రంపెట్ నా చేతికే ఇచ్చి, "ఉన్నది వాయించు" అన్నారు.

వాయించాను. ఎనిమిదీ, ఒక్కోటీ చూసి, ఒక్కదాన్నే. అంత వికారమైన వరుస నేను ఇప్పటిదాకా వినలేదు. ఆయన మాత్రం చివరిదాకా తలవంచుకుని విని, "ఆఁ, అదీ" అని బోర్డు తుడిచేశారు. సోమవారం నుంచి ఆ గదికి లెక్కల సారు వచ్చారు. మాస్టారిని నేను మళ్లీ చూడలేదు. క్షమాపణ చెప్పనేలేదు.

నెల రోజులు రుద్దిన ఆ పరేడ్ పాట ఇప్పుడు సగం కూడా గుర్తులేదు. వీధిలో మెప్పు తెచ్చిన పాటలూ పోయాయి. ఆ దిక్కుమాలిన ఎనిమిది స్వరాలు మాత్రం పోవు. బందరు రోడ్డు మీద సిగ్నల్ దగ్గర స్కూటీ ఆపితే చాలు, కుడిచేతి మూడు వేళ్లూ వాటంతటవే హ్యాండిల్ మీద ట్రంపెట్ మీటలు నొక్కడం మొదలుపెడతాయి. ఇంత మంచి చెవి పెట్టుకుని చివరికి దాచుకున్నది ఇదా అని విసుక్కుంటాను. విసుక్కుంటూనే మూడో చుక్క ఎక్కడుందో అక్కడే నొక్కుతాను. అది ఇప్పటికీ వినడానికి బాగోదు.