రాముడు బస్సెక్కి పోయిన రోజు

నా టీ కొట్టుకు ఎదురుగా ఆడపిల్లల బడి ఉంది. నిన్న సాయంత్రం వాళ్ల మైదానంలో చెక్కభజన నేర్పుతున్నారు. ఇరవై జతల చెక్కలు ఒక్కసారిగా కొట్టుకుని, వాటికున్న చిన్న తాళాలు ఘల్లుమనేసరికి పొయ్యి మీద పాలు పొంగిపోయాయి. నేను చూసుకోలేదు. నా కాళ్లు వాటంతటవే బల్ల కింద అడుగులు వేస్తున్నాయి. తలకు మరుపు వచ్చింది గాని కాళ్లకు ఇంకా రాలేదు. వాటికి ఆ అడుగులు నేర్పినవాడు వడ్ల ఓబులప్ప మామ.

మాది కుందుర్పి దగ్గర పల్లె. డెబ్బైల్లో వాన మా ఊరికి చుట్టపుచూపుగా వచ్చి, కూర్చోమనేలోపే వెళ్లిపోయేది. వేరుశనగ ఎండిపోతే మగవాళ్లకు పని ఉండదు, పనిలేని నోళ్లకు తగాదాలు కావాలి. వడ్రంగం చేసే ఓబులప్ప మామ, నాగళ్లు చేయించుకునేవాళ్లు లేక ఖాళీగా ఉండి, మిగిలిన కొయ్యతో భజన చెక్కలు చేసి మా చేతుల్లో పెట్టాడు. నల్లగా, సన్నగా ఉండేవాడు. నవ్వితే ముందు రెండు పళ్లే కనిపించేవి. నాకు వరసకు మామ, అందుకని ఆయన్ను ఎంత వేళాకోళం చేసినా చెల్లేది. ఐదో తరగతిలో నేను బడి మానేసినప్పుడు బడే ఎక్కువ సంతోషించిందని చెప్పుకునేవారు. ఇరవై ఏళ్లొచ్చేసరికి నాకు తెలిసిన విద్య ఒక్కటే, మనుషుల్ని ఆటపట్టించడం.

మామ దగ్గర ఒక పద్ధతి ఉండేది. పాట ఎత్తుకునే ముందు ప్రతివాడూ తన ఎదుటివాడికి దండం పెట్టాలి. ఎదుటివాడి గుండెలో రాముడున్నాడు, ఆ దండం ఆయనకన్నమాట. నా ఎదుట నిలబడేవాడు గొర్రెల మారెన్న.

"మామా, పొద్దున వీని గొర్రెలు మా కల్లంలో పడినాయి. వీని లోపల రాముడుంటే, మా శనక్కాయలు తినింది రాముడేనా?" అన్నాను.

"తిన్నాడులేరా నాగప్పా. నువ్వు నైవేద్యం పెట్టకపోతే ఆయప్ప అట్లనే తీసుకుంటాడు. దండం పెట్టు."

పెట్టాను. మారెన్న కూడా నవ్వాపుకుంటూ పెట్టాడు. తిట్టుకోవలసినవాళ్లం పక్కపక్కనే ఎగిరాం.

ఒక ఎండాకాలం, ముప్పై మైళ్ల అవతలి ఊరినుంచి గంగమ్మ అనే ఆమె కబురు పంపింది. ఆమె కోడలికి కాన్పు కష్టమైంది. తల్లీబిడ్డా బతికితే ఇంటిముందు రాముని భజన పెట్టించి, ఆ తరువాతే బిడ్డను తొట్లెలో వేస్తానని మొక్కుకుంది. ఇద్దరూ బతికారు. మేమంతా బస్సెక్కాం. భజనలో నడుమ పెట్టే రాములవారి పటాన్ని మామ తన చేతులతోనే బస్సు పైన కట్టాడు. దారిపొడవునా ఆ రోజు పాడవలసిన పాట గొణుక్కుంటూ కూర్చుని, ఊరు రాగానే ఆ పాటతోనే దిగాడు. మేమూ దిగాం. బస్సు దుమ్ము రేపుకుంటూ పోయాక గాని పటం గుర్తురాలేదు. ఆ దారిలో రోజుకు ఒకటే బస్సు.

"రామునికి అడవులు చూసింది చాల్లేదు మామా. ఇంకా తిరగల్లని బస్సెక్కి పోయినాడు. టిక్కెట్టు కూడా తీసుకోలే," అన్నాను. ఎవరూ నవ్వలేదు.

గంగమ్మ ఇంటిముందు పందిరి వేశారు. చుట్టాలు నిండిపోయారు. తొట్లెకు పూలు కట్టి ఉన్నాయి. సంగతి వినగానే ఆమె నేలమీద కూలబడింది. "స్వామి మాట నిలబెట్టుకున్న్యాడు, నేను తప్పితినే. ఇంక బిడ్డను యాడ పండబెట్టేది నాయనా?" అని ఏడ్చింది. లోపల కోడలు బిడ్డను గుండెకు అదుముకుంది. ఊరి పెద్ద తిమ్మప్ప మమ్మల్ని చూసి, "దేవుణ్ణే మరిచిపోయి వచ్చినారు, మీదేం భజనప్పా?" అన్నాడు.

మామ తువ్వాలు దులిపి, పటం పెట్టవలసిన పీటమీద పరిచాడు. నా భుజం పట్టుకుని, "కూచో," అన్నాడు.

"నేనా?"

"నువ్వే. ఈ పొద్దు హారతి నీకే. కదలొద్దు, మాట్లాడొద్దు."

తిమ్మప్ప లేచాడు. "మనిషికి హారతేందప్పా! సరే, మనిషిలో దేవుడుండాడంటావు. ఇంతమంది పెద్దలుండగా ఈ పోకిరోడేనా దొరికింది?"

"పెద్దల్లో ఉండాడని అందరికీ తెలుసులే అన్నా. వీనిలో కూడా ఉండాడంటే, ఇంక లేని చోటేది?" అన్నాడు మామ.

పందిరి ఒక్కసారిగా గొల్లున నవ్వింది. తిమ్మప్ప మీసం కూడా కదిలింది. గంగమ్మ లేచి, కన్నీళ్లు తుడుచుకుని, చెంబుతో నీళ్లు తెచ్చింది. ఆ నీళ్లకోసం ఎంత దూరం నడవాలో ఆ ఊళ్లో అందరికీ తెలుసు. ఆ నీళ్లతో నా మట్టికాళ్లు కడిగింది. తల ఎత్తి నా కళ్లలోకి చూసింది. నన్ను కాదు, నా వెనకాల ఇంకెవరినో చూస్తున్నట్టు. "నా ఇంటిని నిలబెట్టినావు స్వామీ," అంది. జీవితంలో మొదటిసారి నాకు నేను పెద్దవాడిలా అనిపించాను, అదే క్షణంలో ఏమీ కానివాడిలానూ అనిపించాను.

చెక్కలు మోగాయి. నా చుట్టూ గుండ్రంగా తిరుగుతూ, పొద్దు వాలేదాకా పాడారు. చివర గంగమ్మ బిడ్డను తెచ్చి నా ఒడిలో పెట్టింది. వాడు నా మొహం పరీక్షగా చూసి, వెచ్చగా ఒంటేలు పోశాడు. కదలొద్దన్నారు కదా, కదల్లేదు.

"స్వామికి అభిషేకం కూడా అయిపాయె!" అంది గంగమ్మ. పొద్దున ఏడ్చిన మనిషి, కడుపు పట్టుకుని నవ్వింది. అందరూ నవ్వారు. ఆ నవ్వుల్లోనే బిడ్డ తొట్లెలోకి వెళ్లాడు.

పూర్ణం పెట్టిన ఓళిగలు తినేటప్పుడు, "మామా, రాముడు దిగినాడు. ఇంక నేను నాగప్పనే. నెయ్యి పోయించు," అన్నాను.

"దిగినాడని ఎవరు చెప్పినారు? నీకు చెప్పకుండా ఎక్కినోడు చెప్పి దిగుతాడా?" అన్నాడాయన, నెయ్యి పోయిస్తూ.

మరునాడు కండక్టరు పటాన్ని భద్రంగా తెచ్చిచ్చాడు. దానికెవరో పూలు కూడా పెట్టారు. మామ తరువాత చాలా ఏళ్లు బతికి, ఎనభైల చివర్లో, పాట పాడుతూనే పడుకుని లేవలేదు.

ఇప్పటికీ నా కొట్టుకు వచ్చినవాణ్ణి ఆటపట్టించకుండా టీ ఇవ్వను. కాకపోతే మాట నోటిదాకా వచ్చాక, ఒక్క క్షణం ఆగి ఎదుటివాడి గుండెకేసి చూస్తాను. లోపలున్నాయన కూడా నవ్వుతాడనిపిస్తే అంటాను. లేదనిపిస్తే, చక్కెర ఇంకో చెంచా వేసి ఊరుకుంటాను.