తలుపు మీది గడియారం

నా సర్వీసులో చివరి ఏడాది, వానకాలం. మహబూబాబాద్‌లోని ఓ దవాఖానలో పిల్లల వార్డుకు నేను అసోసియేట్ ప్రొఫెసర్‌ని. చదువు ముగించి ఏడాదిపాటు పని నేర్చుకునే హౌస్ సర్జన్లు మా దగ్గరికి వచ్చేవారు. వాళ్ల లాగ్‌బుక్‌లో నా సంతకం పడితేనే పోస్టింగు పూర్తయినట్టు. లేదంటే మళ్లీ మొదటినుంచి చెయ్యాల్సిందే.

కాటారం నుంచి వచ్చిన సంధ్యకు సంతకం పెట్టకూడదని నిశ్చయించుకున్నాను. దగ్గుతో వచ్చిన పసిబిడ్డ నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీస్తోందో లెక్కపెట్టడం మా వార్డులో మొదటి పాఠం. ఎనిమిది నెలల బిడ్డకు అది యాభైకి చేరితే న్యుమోనియా అనుమానించాలి. కేస్‌షీట్‌లో ఆమె నలభై రెండు రాసిన చోట నాకు యాభై నాలుగు వచ్చేది. మూడుసార్లు ఇలాగే జరిగింది. మూడుసార్లూ నలుగురిలో "సరిగ్గా చూడు" అని కసిరాను. నాకు ఓపిక తక్కువని వార్డంతటికీ తెలుసు.

నాలుగోసారి, ఎనిమిది నెలల పాప మంచం దగ్గర, ఆమె తల వంచుకోలేదు.

"మేడం, సరిగ్గ చూడు, సరిగ్గ చూడు అంటున్నరు. ఏడ తప్పైతాందో చెప్పుండ్రి. చెప్తే దిద్దుకుంట."

కోపం వచ్చింది, కానీ తప్పెక్కడో నాకూ తెలియదు. ఆమె లెక్కపెడుతుండగా నేను ఒక్కసారి కూడా చూడలేదు మరి. స్టూలు లాక్కుని కూర్చుని మళ్లీ చెయ్యమన్నాను.

పాప పొట్ట మీదే చూపు నిలిపింది. కానీ పది సెకన్లకోసారి తల వెనక్కి తిప్పి, తలుపు మీది గడియారం చూస్తోంది. తిప్పినప్పుడల్లా రెండేసి ఊపిరులు జారిపోతున్నాయి. చేతికి వాచీ లేదు. చేతులు కడుక్కోవడానికి అడ్డమని వార్డులో వాచీలు వద్దన్నది నేనే. నా వాచీ మాత్రం ఏప్రాన్ జేబులో ఉండేది. సిగ్గేసింది.

చూసింది చూసినట్టు ఆమెకు చెప్పాను. జేబులోని వాచీ తీసి పాప పొట్ట పక్కనే పట్టుకున్నాను. ఈసారి సంధ్యకు యాభై మూడు, నాకు యాభై నాలుగు.

పాప తల్లి బెదిరిపోయింది. "మల్లెందుకు లెక్కవెడ్తున్నవక్కా? పొల్లకేమన్నయిందా?"

"ఇందాక నేనే తక్కువ లెక్కవెట్టినక్కా. నిమ్మున్నట్టుంది. ఇప్పుడే మందు మొదలువెడ్తం, పరేషాన్ కాకు" అంది సంధ్య.

పొరపాటును బిడ్డ తల్లి ముందే అంత తేలిగ్గా ఒప్పుకోవడం నాకు ముప్పై ఏళ్లలో చేతకాలేదు.

ఐదోరోజు పాప ఇంటికి వెళ్లింది. లాగ్‌బుక్‌లో సంతకం పెట్టాను, గడియారాన్ని మంచాల ఎదుటి గోడకు మార్పించాను. అన్నేళ్లూ నేను దిద్దింది కాగితం మీది అంకెనే. అది ఎలా వచ్చిందో పక్కన కూర్చుని చూస్తే తప్ప, దిద్దాల్సింది ఏమిటో తెలియదు.