మా బాపు సరిచేసిన ఫిరంగి

రెండో ప్రపంచ యుద్ధాన్ని మా బాపు మొదటిసారి చూసింది సూరత్ లింబాయత్‌లో, మా ఇంటి ముందు గదిలో నేల మీద కూర్చుని, నా కంప్యూటర్ తెర మీద. లాక్‌డౌన్ మొదలై అప్పటికి పది రోజులై ఉంటుంది. సాంచాలు బంద్. పుట్టినప్పటి నుంచీ ఆ మరమగ్గాల చప్పుడులోనే పెరిగినదాన్ని. అది ఆగిపోయాక పక్కింటి కుక్కర్ కూత కూడా కొత్తగా వినిపించేది. మా గల్లీలో సగం మంది ఊళ్లకు వెళ్లిపోయారు. మేం వెళ్లలేదు. ఊళ్లో నెట్ సరిగా రాదని, నా ఉద్యోగం పోతుందని బాపు భయం.

బాపు సిరిసిల్ల వైపు నుంచి ఇరవై ఏళ్ల వయసులో సూరత్ వచ్చాడు. నేసేవాడిగా మొదలై, సాంచాలు బాగుచేసే మిస్త్రీ అయ్యాడు. వాటి మధ్య ముప్పై ఏళ్లు తిరిగినా పది వేళ్లూ ఉన్నాయన్నది ఆయన గొప్ప. పెళ్లిళ్లలో ఎవరైనా కొత్తవాళ్లు కలిస్తే రెండు చేతులూ చాపి, "గివే నా సర్టిఫికెట్లు" అనేవాడు. అలాంటి మనిషి పనిలేక గోడకి ఆనుకుని కూర్చుంటే చూడడం కష్టంగా ఉండేది.

నేను అంతకు ముందు ఏడాదే వేరే నగరంలో ఒక చిన్న వీడియో గేముల కంపెనీలో యానిమేటర్‌గా చేరాను. బొమ్మలను కదిలించడం నా పని. లాక్‌డౌన్‌కి రెండు రోజుల ముందు కంపెనీవాళ్లు కంప్యూటర్ చేతికిచ్చి ఇంటికి పంపేశారు. మేం చేస్తున్నది యుద్ధం ఆట. ట్యాంకులను కొట్టడానికి జర్మన్ సైన్యం వాడిన ఆయుధాలు నా వంతుకి వచ్చాయి. చక్రాల మీద లాక్కెళ్లే ఫిరంగులు, ఒక్కసారి పేల్చి పారేసే పాంజర్‌ఫౌస్ట్ అనే గొట్టం, అలాంటివి. సైనికులు వాటిని ఎలా పట్టుకుంటారో, గుండు ఎలా పెడతారో, ఎలా పేలుస్తారో నేను చూపించాలి. నాకు తెలిసిందల్లా సినిమాలే. ఓ ఇరవై యుద్ధం సినిమాలు, అంతకు రెట్టింపు గేముల వీడియోలు ముందు పెట్టుకుని, వాటిలోంచి ఒక్కో కదలికనూ దించుకునేదాన్ని.

ఒకరోజు నేను ఒక సినిమాలో ఫిరంగి పేలే ముక్కను మళ్లీ మళ్లీ తిప్పి చూస్తుంటే వెనక నుంచి బాపు అన్నాడు.

"గది నక్లీ తోపు."

"ఎట్ల చెప్తున్నవ్ బాపూ?"

"గంత పెద్ద గుండు ముంగటికి వోతే తోపు ఎన్కకు తన్నాలె గదా. దాని చక్రం జర గూడ కదల్లే. సాంచాల నాడె ఎంతుంటది? గింతంత కట్టెముక్క. అది ఇటు నుంచి అటు ఉరికితేనే సాంచా మొత్తం ఊగుతది."

నిజమే. సినిమావాళ్లు గ్యాస్ మంట వదిలి, పొగ కలిపి పని కానిస్తారు. ఆ మాట చెబితే బాపు నవ్వాడు. "మరి నువ్వు గా నక్లీదాన్ని సూసి నకలు కొడుతున్నవా బిడ్డా?"

ఆ రోజు నుంచి ఆయనకి ఒక పని దొరికింది. పొద్దున చాయ్ తాగి, లుంగీ సర్దుకుని, నా కుర్చీ పక్కన చాప వేసుకుని కూర్చునేవాడు. నేను సినిమాలు పక్కన పెట్టి, యుద్ధకాలంలో తీసిన అసలు వీడియోలు వెతకడం మొదలుపెట్టాను. ఒక చిన్న ఫిరంగి గురించి చదివి వినిపించాను. దాని గుండ్లు పెద్ద ట్యాంకుల మీద పడి ఊరికే టంగుమనేవట. అందుకని జర్మన్ సైనికులే దాన్ని తలుపు కొట్టే తోపు అని వెక్కిరించేవారట. బాపు నవ్వలేదు. "దాన్ని పట్టుకొని నిలవడ్డోళ్ల సంగతేంది మరి? వాళ్లకు ఎర్కనే గదా, గది పనిచెయ్యదని" అన్నాడు. గేముల్లో అటువైపు నిలబడ్డ సైనికుడికి భయం ఉండదు. వాడు పడిపోవడానికే ఉంటాడు.

పాంజర్‌ఫౌస్ట్ దగ్గర ఇద్దరం వారం రోజులు ఇరుక్కుపోయాం. నేను చూసిన చాలా గేముల్లో సైనికుడు దాన్ని భుజం మీద పెట్టి, గదిలో గోడకి ఆనుకుని మరీ పేలుస్తాడు. అసలు వీడియోల్లో ఎక్కువమంది చంకలో ఇరికించుకుని పేలుస్తున్నారు. మ్యూజియం ఫొటో ఒకదాంట్లో గొట్టం మీద ఎర్ర అక్షరాలతో జర్మన్‌లో ఏదో రాసి ఉంది. ఏందని అడిగాడు బాపు. "జాగ్రత్త, మంట వస్తుంది" అని చెప్పాను.

"ఎటు నుంచి?"

"వెనక నుంచి."

బాపు లేచి లోపలికి వెళ్లాడు. బట్ట తానులు చుట్టే అట్ట గొట్టాలు మా ఇంట్లో ఎప్పుడూ నాలుగైదు ఉండేవి. వాటిలో ఒకటి తీసుకుని, కొసకు ప్లాస్టిక్ చెంబును సుతిలి తాడుతో బిగించి కట్టాడు. చంకలో పెట్టుకుని, ఒక మోకాలు వంచి, కిటికీ వైపు గురిపెట్టాడు. వెనక అమ్మ కూర్చుని బియ్యంలో రాళ్లు ఏరుతోంది. చీరలకు మెరుపు రాళ్లు అతికించే పని ఆమెది. అదీ ఆగిపోయి ఉంది.

"ఇప్పుడు పేలిస్తే ఏమైతది?" అన్నాడు బాపు.

"ఏమైతది, నీ పెండ్లాం కాలిపోతది" అంది అమ్మ, తల ఎత్తకుండానే. "బయట కరోనా, ఇంట్ల యుద్ధం. నా ఖర్మ."

ముగ్గురం చాలాసేపు నవ్వాం. తర్వాత నేను ఫోన్ తీసి, బాపును అన్ని వైపుల నుంచీ వీడియో తీశాను. గొట్టం ఎత్తడం, వెనక్కి తిరిగి ఎవరైనా ఉన్నారా అని చూసుకోవడం, మోకాలు వంచడం, పేల్చాక ఖాళీ గొట్టం పారేయడం. ఆ వెనక్కి చూసుకోవడం ఏ సినిమాలోనూ లేదు. అది బాపు అలవాటు. సాంచా మీట లాగే ముందు అటు పక్క ఎవరి చేయైనా ఉందేమోనని చూసుకునేవాడు. ఆ చూపును అలాగే సైనికుడికి పెట్టాను. అసలు ఆ ఆటలో పాంజర్‌ఫౌస్ట్ పట్టుకున్న ప్రతి సైనికుడూ మా బాపే. కొద్దిగా వంగిన ఎడమ భుజం, మోకాలు వంచేటప్పుడు ఒక్క క్షణం ఆగడం, అన్నీ ఆయనవే.

ఇక పెద్ద ఫిరంగి. ఫిరంగి వెనక తలుపులోంచి గుండు లోపలికి తోసే కదలికను నేను ఒక సినిమా నుంచి తీసుకున్నాను. సైనికుడు అరచేయి చాపి, వేళ్లతో గుండును నెడతాడు. చూడ్డానికి బాగుంటుంది. పూర్తిచేసి బాపుకి చూపించాను.

"గా ఎన్క తలుపు దానంతట అదే మూసుకుంటదా, మనిషి మూస్తడా?"

"దానంతట అదే. గుండు లోపలికి పోగానే టక్కున మూసుకుంటది."

"అయితే వాని వేళ్లు పోతయి."

నాకు విసుగొచ్చింది. మర్నాటికి ఆ పని పంపాలి. "బాపూ, ఇది ఆట. దీంట్ల ఎవరి వేళ్లూ పోవు."

"ఆట ఆడెటోని వేళ్లు పోవు. బొమ్మల ఉన్నోనియి?" అంటూ కుడిచేయి పిడికిలి బిగించి, నా భుజాన్ని మెల్లగా తోశాడు. "గిట్ల తోస్తడు. అప్పుడు తలుపు తగిలినా చెయ్యి బయటికి నూకుతది గని వేళ్లను కొరకదు."

నేను పాతదే పంపేశాను. రెండు రోజుల తర్వాత ఒక పాత శిక్షణ వీడియో దొరికింది. అందులో గుండు పెట్టే సైనికుడు సరిగ్గా అలాగే, పిడికిలి బిగించి తోస్తున్నాడు. యుద్ధం ఎక్కడ, లింబాయత్ ఎక్కడ! వెంటనే పాతది తీసేసి కొత్తది చేసి పంపాను. బాపుకి చూపిస్తే, "మరి నేనేం జెప్పిన?" అని రెండు చేతులూ చాపాడు.

సాంచాలు మెల్లగా తెరుచుకున్నాయి. బాపు పనిలోకి వెళ్లాడు. ఆ చలికాలంలో మా ఆట విడుదలైంది. చిన్న ఆటే గానీ, యుద్ధ చరిత్ర పిచ్చి ఉన్నవాళ్లు దాన్ని పట్టుకున్నారు. ఆ పిడికిలిని ఎవరో గమనించి, ఆ కాస్త ముక్కనీ కత్తిరించి నెట్‌లో పెట్టారు. ఇంత పెద్ద కంపెనీలు, ఇన్ని సినిమాలు తప్పు చూపించాయి, వీళ్లెవరో సరిగా చూపించారని మెచ్చుకున్నారు. అది చూసి గేములు చేసేవాళ్ల బృందం ఒకటి ఆదివారం పొద్దున ఆన్‌లైన్‌లో నన్ను మాట్లాడమని పిలిచింది.

ఆ రోజు మా ఇంటి గోడ కనిపించకూడదని నేనే అన్నాను. పెచ్చులూడిన సున్నం, మేకులకు వేలాడే బట్టలు. బాపు అటూ ఇటూ తాడు కట్టి, ఉతికిన దుప్పటి ఆరేసినట్టు వేసి, ముడతలు లేకుండా లాగాడు. తను, అమ్మ దాని వెనకే కూర్చున్నారు. తెర మీద మిగతా అందరి వెనకా పుస్తకాల బీరువాలు, మొక్కలు. అందరి ఇంగ్లీషూ గలగలా పారుతోంది. నేను మొదటి వాక్యం దగ్గరే తడబడ్డాను. కార్యక్రమం నడిపిస్తున్నాయన నా ఇబ్బంది చూసి, పాపం, మంచితనంతోనే ప్రశ్నను హిందీలో అడిగాడు. ఆ పిడికిలి సంగతి మీకెలా తెలిసింది అని.

బాపు పేరు చెప్పడానికి ఒక్క క్షణం చాలు. "మా నాన్న సాంచాల మిస్త్రీ, ఆయన చెప్పాడు" అంటే సరిపోయేది. ఆ మాట నాలుక దాకా వచ్చింది కూడా. అప్పుడు దుప్పటి, దాని వెనక గోడ, ఆ గోడకి అవతల గల్లీ, అన్నీ ఒక్కసారి తెర మీదికి వచ్చేస్తాయనిపించింది. మూడు నెలలు పాత వీడియోలు, శిక్షణ పుస్తకాలు చదివాను అన్నాను. వెనక్కి చూసుకోవడం గురించి అడిగితే, అది నా సొంత ఆలోచన అన్నాను. ఇంగ్లీషులో అడిగి ఉంటే ఇంగ్లీషులోనే ఆ అబద్ధం చెప్పేదాన్ని. బాపుకి అర్థమయ్యేది కాదు. ఇన్నేళ్లలో ఆ పాడు ఆలోచన నాకు ఎన్నిసార్లు వచ్చిందో! ముప్పై ఏళ్లు సూరత్‌లో బతికిన మనిషికి హిందీ రాకుండా ఉంటుందా.

మాటలు అయిపోయాక కెమెరా ఆపాను. దుప్పటి పక్కకి జరిగింది. అమ్మ ముఖం ఎర్రగా ఉంది.

"నీ బాపు పేరు చెప్తే నోరు పడిపోతదానే?"

"ఊకోవే" అన్నాడు బాపు. "ఆమె నౌకరి ఆమెది. మనకేం ఎర్క?" దుప్పటి విప్పి, నాలుగు మడతలు పెట్టి, మంచం మీద ఉంచాడు. కూరగాయలకు పోతానని సంచి పట్టుకుని, మాస్కు తగిలించుకుని బయటికి వెళ్లాడు. కూరగాయలు అమ్మ పొద్దునే తెచ్చి ఉంది.

వేసవిలో రెండో విడత మమ్మల్ని కూడా తాకింది. ముందు అమ్మకి జ్వరం, తర్వాత బాపుకి. అమ్మ కోలుకుంది. బాపుకి ఊపిరి అందడం తగ్గింది. ఏ ఆసుపత్రిలోనూ మంచం దొరకలేదు. ఆల్థాన్‌లో ఉండే మా మేనమామ ఎక్కడో తిరిగి ఒక ఆక్సిజన్ సిలిండర్ తెచ్చి పెట్టాడు. నేను మాస్కు మీద మాస్కు వేసుకుని, బాపు వేలికి పెట్టిన మీటర్ వంకే చూస్తూ కూర్చునేదాన్ని. ఆ రోజుల్లోనే, భయంతో, మా కంపెనీలో పెద్దాయనకి ఫోన్ చేసి అంతా చెప్పేశాను. ఆట చివర్లో వచ్చే పేర్లలో మా నాన్న పేరు వేయాలని ఏడ్చాను. ఆయన మందలించలేదు. "తర్వాతి అప్‌డేట్‌లో తప్పకుండా వేద్దాం" అన్నాడు. మనసులోంచే అన్నాడు.

బాపు బతికాడు. అంతకు మించి నేనేమీ అడగకూడదు. కానీ తర్వాతి అప్‌డేట్ రాలేదు. వర్షాలు మొదలయ్యేసరికి పెట్టుబడి ఆగిపోయి కంపెనీ మూతపడింది. కొన్నాళ్లకు ఆట కూడా అమ్మకం నుంచి పోయింది. ఆట చివరి పేర్లలో నా పేరు ఉంది, ఆయనది లేదు. ఇక ఎప్పటికీ ఉండదు.

ఇప్పుడు మేం సూరత్‌లోనే, భేస్తాన్‌లో ఉంటున్నాం. నేను ఇంకో కంపెనీకి ఇంటి నుంచే పనిచేస్తున్నాను. బాపు మళ్లీ సాంచాలకు పోతున్నాడు, మెట్లెక్కితే ఆయాసం వస్తున్నా. నేను చేసినదేదైనా చూపిస్తే నిలబడే చూస్తాడు. "మంచిగున్నది బిడ్డా" అంటాడు. తప్పులున్నా మంచిగానే ఉంటుంది. ఇంటికొచ్చిన చుట్టం మాట అది.

ఈమధ్య ఒక పొద్దున, ఆయన అన్నం డబ్బా సంచిలో పెట్టుకుంటుంటే తెగించి అన్నాను.

"బాపూ, ఆ రోజు నీ పేరు చెప్పలేదు. నాది తప్పు."

"ఏ రోజు?" అన్నాడు.

చెప్పులు వేసుకుంటూ, నా ముఖం వంక చూడకుండా అన్నాడు. నేను ఇంకా ఏదో చెప్పబోతే, "షేర్ ఆటో వెళ్లిపోతది బిడ్డా" అని మెట్లు దిగాడు. ఒక్కో మెట్టు దగ్గర ఆగి, ఊపిరి తీసుకుని, మళ్లీ దిగాడు. ఆయన గల్లీ మలుపు తిరిగేదాకా అక్కడే నిలబడ్డాను.