ఒకే చెంచా

కెన్యాలోని మొంబాసా పాతపట్నంలో చేపలు తోమి బతికే హమాది తన సూదిని సిగరెట్ పెట్టెలో పెట్టి జేబులో దాచుకునేవాడు. తోటివాళ్ళు ఒకే సూదితో హెరాయిన్ ఎక్కించుకుంటున్నా, తనది మాత్రం ఎవరికీ ఇచ్చేవాడు కాదు. "సూదైనా పళ్ళపుల్లైనా ఎవడిది వాడిదే," అనేవాడు. తమ్ముడు ఫూమోకి కూడా వేరే సూది కొనిపెట్టాడు. అయితే పొడి కరిగించే చెంచా మాత్రం ఒక్కటే. ఇద్దరూ అందులోంచే సూదిలోకి లాక్కునేవారు. ఒంట్లో నలతగా ఉందని హమాది క్లినిక్‌కి వెళితే, నర్సు రుకియా రక్తం పరీక్షించి, కాలేయాన్ని తినేసే హెపటైటిస్ సి అంది.

"నా సూది ఎవరూ ముట్టలేదమ్మా."

"మరి చెంచా?"

"అది నాకూ తమ్ముడికీ ఒక్కటే."

"సూదికంటిన నెత్తురు చెంచాలోకీ దిగుతుంది నాయనా. మూడు నెలలు మాత్రలు మింగితే నయమవుతుంది. ఆ రెండోవాణ్ణి కూడా తీసుకురా."

ఫూమో కళ్ళు అప్పటికే పచ్చబడి, పొట్ట కుండలా ఉబ్బి ఉంది. హమాది వీపున మోసుకొచ్చాడు. కాలేయం పూర్తిగా పాడైందని, చాలా ఆలస్యం చేశారని డాక్టరు చెప్పాడు. తిరిగి వస్తుంటే హమాది, "నా వల్లే అంటిందిరా నీకు," అన్నాడు.

"నాదే నీకు అంటిందేమో. అన్నిటికీ నువ్వే పెద్దవాడివా?" వీపు మీదనుంచి ఫూమో గొణిగాడు. "నువ్వు మాత్రలు మానకు. అమ్మకి ఒక్కడైనా మిగలాలి."

రంజాన్ రాకముందే ఫూమోని పాతిపెట్టారు. మాత్రలన్నీ అయిపోయాక రుకియా మళ్ళీ పరీక్షించి, "పోయింది నాయనా, నీ రక్తంలో ఏమీ లేదు," అంది.

హమాది రక్తం కోసం చాచిన చెయ్యి వెనక్కి తీసుకోలేదు. "ఇంకోసారి చూడమ్మా, తమ్ముడిదేమైనా మిగిలిందేమో," అన్నాడు.