ఏడుసార్లు ఒడ్డుకొచ్చిన చొక్కా

మా ఊరోళ్ళకి కథని ముగించడం రాదని నాకు భలే మంటగా ఉండేది. ఒకవైపు పులికాట్ నీళ్ళు, ఒకవైపు సముద్రం, మధ్యలో మా ఊరు. వలలు కుట్టుకుంటా మగోళ్ళు, చేపలు ఎండేసుకుంటా ఆడోళ్ళు ఎన్ని కథలు చెప్పినా ఆఖరికి ఒకటే మాట. "పోయినాడు. రాలా." తర్వాత ఏమయింది అని అడిగితే "ఏముంది? రాలా" అని మళ్ళీ పనిలో పడిపోయేవాళ్ళు.

చెన్నైలో మూడు నెలలు సినిమా పాఠాలు విన్నాక నాకు కొమ్ములొచ్చినాయి. మా సారు బోర్డు మీద పెద్ద సున్నా గీసినాడు. కథానాయకుడు ఇల్లు వదులుతాడు, చావు అంచుదాకా పోతాడు, గెలిచి ఇంటికి తిరిగొస్తాడు. లోకంలో గట్టి కథలన్నీ ఈ దారినే నడుస్తాయంట. వీరుడి ప్రయాణం. "తిరిగి రాకుంటే అది కథ కాదు, వార్త" అన్నాడు. ఆ ముక్క కింద నేను రెండు గీతలు గీసుకున్నా.

నా మొదటి సినిమాకి కథ మా ఇంట్లోనే ఉంది. మా మేనత్త మొగుడు ఎనిమిదేళ్ళ కిందట, తుఫాను కబురు విని కూడా, తమ్ముడితో కలిసి బోటేసుకుని వేటకి పోయినాడు. బోటు బోల్తా పడింది. తమ్ముడు ఈదుకుంటా వచ్చి ఒడ్డున పడినాడు. మామ రాలా, శవమూ దొరకలా. కళ్ళతో చూడకుండా కర్మ ఎట్టా చేస్తారని అత్త ఎవరినీ దగ్గరికి రానీలా. ఎనిమిదేళ్ళూ రాత్రి అన్నానికి రెండు కంచాలు పెడతానే ఉండింది.

ఈ ఏడు ఆమే నోరు తెరిచింది. "చాల్లే అబ్బయా, అలిసిపోయినా. ఆయన్ని పంపించేస్తా. ఇంక నేనూ ఒక కంచం పెట్టుకుని నిద్రపోతా" అనింది. శవం లేనప్పుడు దర్భలతో బొమ్మ కట్టి, పోయినోళ్ళ గుడ్డ దానికి తొడిగి కాలుస్తారు. మామది నీలంగళ్ళ చొక్కా ఒక్కటే మిగిలుండాది. దాన్ని మడిచి పెట్టింది. గూడూరు అయ్యవారితో మాట్లాడి అమావాస్యకి రోజు కుదుర్చుకుంది.

సరిగ్గా దానికి వారం ముందు కెమెరా భుజానేసుకుని నేను దిగినా. అంతా చిత్రీకరించినా గానీ సున్నా మూతపడలా. మామ తిరిగి రావాల. అత్త కలలోనయినా సరే రావాల. మామ వేషానికి ఆయన తమ్ముణ్ణే పట్టుకున్నా, నేను చిన్నమామ అని పిలుస్తా ఆయన్ని. అదే నడక, అదే వీపు. ఇంక చొక్కా కావాల్సొచ్చింది. అత్తనడిగినా.

"అది బొమ్మకి గదా అబ్బయా."

"ఒక్క పొద్దుకే అత్తా. ఉతికిచ్చేస్తా."

నా బుద్ధి గడ్డి తినింది. ఎందుకంటే మా ఊర్లో ఒక పద్ధతుంది. బోటు ఒడ్డుకొస్తే ఆ ఇంటి ఆడమనిషి మోకాటి నీళ్ళదాకా ఎదురుపోయి మొగుడి చేతిలో వల అందుకోవాల. అందుకుంటేనే మనిషి ఇల్లు చేరినట్టు. ఆ ఊర్లోనే పుట్టి పెరిగినోణ్ణి, ఇది తెలిసే, తెరమీద బాగుంటదని, అత్త చేతనే చేయించినా.

పొద్దు పొడుస్తానే మొదలుపెట్టినాం. మొదటిసారి అల అడ్డమొచ్చింది. రెండోసారి నా నీడ పడింది. మూడోసారి అత్త వల అందుకుని గుండె పగిలేటట్టు ఏడ్చింది. నేనేమన్నానో తెలుసునా? "ఏడవాకు అత్తా, వచ్చినాడు గదా, నవ్వాల" అన్నా. అయిదోసారికి చిన్నమామ నీళ్ళలోనే నిలబడిపోయి, "ఇంక చాలించరా, వదిన మొహం చూడలేకపోతన్నా" అన్నాడు. ఎండ ముదురుతుందని ఆయన మీద కసిరినా. ఏడోసారి అత్త నవ్వింది. ఆ నవ్వు నేను చిన్నప్పుడు, మామ ఉండంగా చూసిన నవ్వు. నేను గాల్లోకి ఎగిరి ఓకే అని అరిచినా.

అమావాస్యనాడు అయ్యవారు వచ్చి దర్భబొమ్మ కట్టినాడు. చిన్నమామ చొక్కా కోసం చెయ్యి చాపినాడు. అత్త దాన్ని రొమ్ముకి అదుముకుని కూర్చునింది, ఇవ్వలా.

"అది సినిమా అత్తా" అన్నా నేను.

"నాకు తెలవదా అబ్బయా? అది మా మరిది గదా." నా మొహంలోకే చూసింది. "అయినా ఎదురుపోయినా గదా. ఏడుసార్లు వల అందుకున్నా గదా. ఇల్లు చేరిన మనిషిని ఎట్టా కాల్చేది?"

పెద్దోళ్ళు చెప్పినారు, చిన్నమామ కాళ్ళు పట్టుకున్నాడు. వినలా. అయ్యవారు బొమ్మని విప్పేసి పోయినాడు. ఆ దర్భలు ఎక్కడ పారెయ్యాలో కూడా మాకెవరికీ తెలవలా.

మొన్న హైదరాబాదులో నా సినిమా వేసినారు. ఆఖరి దృశ్యానికి జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టినారు. ఆ నవ్వు ఎట్టా రప్పించినావని ఒకాయన అడిగినాడు. సిగ్గుతో చచ్చిపోయినా. బయటికొచ్చి అత్తకి ఫోన్ చేసి, తప్పు చేసినానత్తా అని ఏడ్చినా.

"ఊరుకో నాయనా" అనింది. "ఆ చొక్కా నువ్వు ఉతకనే లేదు, తెల్లంగా ఉప్పు కట్టింది. రెండుసార్లు మంచినీళ్ళలో జాడించి ఆరేసినా. మీ మామ తడిసి వస్తాడే, మార్చుకోను ఉండాల గదా."