చాప కింద ఫొటోలు

మా అత్తగారిది పాత ఫొటోలు బాగుచేసే పని. చిరిగిన చెవి అతికిస్తుంది, చెదలు తిన్న కన్ను మళ్ళీ తెరిపిస్తుంది. వీధిలో ఆవిడ ఫొటోల డాక్టరమ్మ. నేను కంప్యూటర్లు రిపేరు చేస్తాను. అయినా ఆవిడ ఫొటోలు దిద్దే కంప్యూటర్ మీద నన్ను చెయ్యి వెయ్యనివ్వదు. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదని ఊరికే అన్నారా!

ఆ రోజు నా పాపని పడుకోబెట్టి ముందు గదిలోకి వచ్చేసరికి బస్సు డ్రైవరు ఒకాయన వాళ్ళమ్మ ఫొటో కోసం నిలబడున్నాడు. అత్తయ్య కంప్యూటర్లో వెతికింది, వెతికింది. "ఇంకా మొదలుపెట్టలేదు బాబూ, రేపు రా" అని పంపేసింది. నాకు ఒళ్ళు మండింది. నిన్న ఒక పూటంతా ఆ తల్లి గడ్డం మీది పుట్టుమచ్చతో కుస్తీ పట్టింది ఈవిడే కదా!

"అబద్ధమెందుకు అత్తయ్యా?"

ఆవిడ తలుపు దగ్గరికి వేసింది. "చేశాననే నేనూ అనుకున్నా. ఒకరోజు పాతవన్నీ మాయం. ఒకరోజు అవి ఉంటాయి, నిన్న చేసింది ఉండదు. మా అమ్మకీ ఇలా మతిమరుపుతోనే మొదలైంది. చివరికి నన్నే 'ఎవరమ్మా నువ్వు?' అంది. మీ మావయ్యతో అనకు, నీకు పుణ్యముంటుంది."

నా కోపం ఎటు పోయిందో! "ముందు మీరు లేవండి" అని ఆ కుర్చీలో కూర్చున్నాను.

లోపల డిస్కులు రెండు. కంప్యూటర్ నడవడానికి ఒకటి, ఫొటోలకి ఒకటి. బిగించిన మహానుభావుడెవరో, ఫొటోల డిస్కుని దాని సొంత నంబరుతో కాకుండా 'రెండోది' అని వరసతో కలిపాడు. ఆన్ చెయ్యగానే ఏది ముందు లేస్తే అదే ఒకటోది! వరస తప్పిన రోజు ఫొటోల డిస్కు కలవదు. దాని పేరున్న ఖాళీ ఫోల్డరు మాత్రం కంప్యూటర్ని నడిపే డిస్కులో ఉంటుంది, ఆ రోజు పనంతా అందులో పడుతుంది. మర్నాడు డిస్కు బుద్ధిగా వచ్చి ఆ ఫోల్డరు మీదే కూర్చుంటుంది. చాప పరిచాక కింద ఉన్నవి కనబడతాయా?

డిస్కుని విడదీశాను. కింద అన్నీ ఉన్నాయి, పుట్టుమచ్చతో సహా.

"చూడండి. మతిమరుపు దీనికి, మీకు కాదు."

"నన్ను ఊరుకోబెట్టడానికి చెప్పట్లేదుగా?"

ఫొటోలన్నీ ఒకచోట చేర్చి, డిస్కుని దాని నంబరుతోనే కలిపి, ఆవిడ చాలనేదాకా కంప్యూటర్ ఆపి ఆన్ చేసి చూపించాను. ప్రతిసారీ ఫొటోలన్నీ వచ్చాయి. కళ్ళు తుడుచుకుని ఆవిడ లోపలికి వెళ్ళి, అప్పుడే లేచిన పాపని ఎత్తుకొచ్చింది. పాప పుట్టినప్పటి నుంచీ ఆవిడ ఒక్కతే దాన్ని ఎత్తుకుని గడప దాటలేదు. మనవరాలంటే చులకనేమోనని నేను లోలోపల ఉడికిపోతున్నాను.

"దీన్ని ఎక్కడైనా దించేసి మర్చిపోతానేమోనని ఇన్నాళ్ళూ భయమే తల్లీ" అంది. పాపని భుజాన వేసుకుని చెప్పుల్లో కాళ్ళు పెట్టింది. "వీధి చివరిదాకా వెళ్ళొస్తాం. నువ్వు రాకు."